తొమ్మిదో బొక్క

కుంఠా నాకా, సోలాపూర్
9-7-1986

తమ్మీ వాసుదేవా,

అందరం క్షేమమని రాసి మొదలుపెట్టాలె. రాయను. నువ్వు చేసిన పనికి ఈ ఇంట్ల క్షేమం ఏడిది?

నిన్న మా మరిది పెంటప్ప హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిండు. చద్దర్ల బేరం మీద పోయినోడు, "వదినె తమ్ముడు డాక్టర్ల కాలేజీల నౌకరి చేస్తడు గద, ఒకసారి కలిసి పోదాం" అని నీ దగ్గరికి వచ్చిండట. నువ్వేమో గోనెసంచి పరుచుకోని, ముంగట సచ్చినోళ్ల బొక్కలు కుప్ప పోసుకోని, తీగెకు గుచ్చుకుంట కూసున్నవట. పక్కన పుర్రె. పుర్రె పక్కన చాయ్ గిలాస.

నా ఒక్కదానికి చెప్పినా బాగుండు. ఇంటి నిండ మంది ఉన్నప్పుడు చెప్పిండు. మా అత్త గంగుబాయి అప్పటికప్పుడు లేచి, ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు తాగిన చెంబు వెతికి పట్టుకోని చింతపండు పెట్టి తోమింది. నువ్వు తాగి మూడు నెల్లయింది! ఈ మూడు నెల్లు అందరం దాంట్లనే తాగినం, ఎవ్వలు సావలే. ఆ మాట అంటే నన్ను నోరు మూసుకోమన్నది.

అమ్మ పోయినంక నిన్ను సంకనెత్తుకోని తిప్పింది నేను. బీడీలు చుట్టి చదివిపిచ్చింది నేను. "మా తమ్మునిది కాలేజీల నౌకరి" అని నల్లా కాడ, బీడీల బ్రాంచి కాడ చెప్పుకుంట తిరిగింది నేను. అటెండర్ అన్నవు. అటెండరంటే ఫైళ్లు మోస్తడు, గంట కొడ్తడు అనుకున్న. ఆరేండ్లల్ల ఒక్క జాబుల గూడ అసలు సంగతి రాయలే నువ్వు. మనం పద్మశాలోళ్లం, నూలు పట్టిన చేతులు మనయి. ఆ చేతులతోని పీనుగల బొక్కలు పట్టుడేందిరా?

ఇక్కడ నా తిప్పలు నాకున్నయి. మా పిల్ల సుశీలను పోయినేడు ఏడో తరగతితోని షాళ మానిపిచ్చినం గద. చాట ముంగట కూసోబెడితే దినానికి అయిదు వందల బీడీలు చుట్టేది. ఇప్పుడు మూడు వందలు గూడ కాదు. "ఈపు నొస్తది" అంటది. చాట ముంగట కూసున్నోళ్లల్ల ఈపు నొయ్యనిది ఎవ్వలకు? పదమూడేండ్లకే దీనికి సోకులు.

నౌకరి మార్చుకో. మార్చుకోకుంటే జవాబు రాయకు. రాయకపోతే మాత్రం మంచిగుండదు.

యమున

*

హైదరాబాద్
20-7-1986

అక్కా,

నీ జాబు రెండుసార్లు చదివిన. మొదటిసారి ఏడ్పొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. ఆ కోపం సల్లారకముందే రాస్తున్న.

ముందుగాల ఒకటి. ఆ చాయ్ గిలాస నాది కాదు, పెంటప్ప బావది. నేనే తెప్పిచ్చి ఇచ్చిన. ఆయన బొక్కలు చూసి, గిలాస ఎక్కడ పెట్టిండో గూడ చూసుకోకుండ ఉరికిండు. ఆ ముచ్చట చెప్పలేదా?

ఇగ నా పని. వెన్నుబొక్క అంటే ఒక్కటే బొక్క అనుకుంటరు అందరు. కాదక్కా. మెడల ఏడు, ఈపుల పన్నెండు, నడుముల అయిదు. ఈ ఇరువై నాలుగు వేటికవి కదుల్తయి. వాటి కింద అయిదు ఒకదానికొకటి అతుక్కోని పలక లెక్కయి తుంటి నడుమ కూసుంటయి. ఆఖరికి తోకముక్క. చూస్తే అన్నీ ఒక్కతీరు కొడ్తయి గని, పట్టుకుంటే తెలుస్తది. ఈపు బొక్కకు పక్కటెముక ఆనుకునే గుంట ఉంటది. నడుము బొక్క పైబరువంత మోస్తది గనుక లావుగుంటది. ఇప్పుడు కండ్లు మూసుకోని ఒకటి చేతిల పెట్టినా ఎన్నోదో చెప్పగలుగుత. ప్రతి బొక్కకు ఎనక ఒక బెజ్జం. ఒకదాని మీద ఒకటి నిలబెడితే బెజ్జాలన్నీ కలిసి సొరంగమైతది. మెదడుల నుంచి దిగే నరాల తాడు ఆ సొరంగంలనే భద్రంగ ఉంటది. కాలు కదపాలన్నా, మంట తెలవాలన్నా, ఉచ్చ ఆపుకోవాలన్నా ఆ తాడే. బొక్కకు బొక్కకు నడుమ మెత్త ఉంటది. అది సచ్చినంక మిగలదు, అందుకే నేను నమ్దా, మందపు ఉన్ని గుడ్డ, గుండ్రంగ కోసి పెడ్త.

ఇందుల ఒక్కటి వరుస తప్పినా వంద మంది పిల్లలు తప్పు నేర్చుకుంటరు. రేపు వాళ్లే బతికున్నోళ్ల ఈపు మీద కత్తి పెడ్తరు. పోగు తప్పితే బట్ట ఖరాబైతదని నా ఏళ్ల మీద కొట్టి నేర్పింది నువ్వే. చెప్పకపోవుడు నా తప్పు, ఒప్పుకుంట. చేసుడు తప్పు కాదు. నౌకరి మార్చను.

సుశీల ఈపు సంగతి నువ్వు నాలుగు ముక్కలల్ల రాసి వదిలినవు. నాకు మాత్రం అది చదివినప్పటి నుంచి మనసు మనసుల లేదు. పొద్దుమూకితే ఒళ్లు ఎచ్చగైతదా? బక్కగయిందా? ఒక పని చెయ్యి. దానికి చెప్పకుండ అగ్గిపెట్టె కింద పడేసి తియ్యమను. ఎట్ల వంగుతదో చూడు. తర్వాత మెడ వంచమని, మెడ కింద అన్నిటికంటె పొడుచుకొచ్చిన బొక్క పట్టుకో. దాన్ని వదిలిపెట్టి, కిందికి ఒకటి, రెండు అని ఏలుతోని లెక్కపెట్టుకుంట పో. యాడనన్న ఏలు తట్టుకుంటదా? ఎన్నో దాని కాడ? వెంటనే రాయి.

బావకు నమస్తే అని చెప్పు. తోమిన చెంబు సంగతి ఉగాదికి మాట్లాడుకుందాం.

వాసుదేవ్

*

కుంఠా నాకా
28-7-1986

వాసుదేవా,

నీకు బొక్కలు తప్ప ఇంకోటి కనపడ్తలేదు. నా కడుపుల పుట్టిన పిల్ల గూడ నీకు బొక్కల మూటనేనా? నీ జాబు చదివి మా అత్త ముంగట దాచిపెట్టాల్సి వచ్చింది.

అయినా నువ్వన్నవని అగ్గిపెట్టె పడేసిన. అది వంగలే. ఒక చెయ్యి తొడ మీద ఆనిచ్చి, ఈపు కట్టె లెక్క పెట్టుకోని, మోకాళ్లు మడిచి మెల్లగ కిందికి దిగి తీసింది. నిండు గర్భిణి గూడ గట్ల తియ్యదు. "నకరాలా?" అని తిట్టిన. అది అగ్గిపెట్టె నా చేతిల పెట్టింది. బొక్కలు గూడ లెక్కపెట్టిన. తొమ్మిదో దాని కాడ ఏలు తట్టుకున్నది. ముల్లు లెక్క పొడుచుకొచ్చింది. అక్కడ ఒత్తితే మొత్తుకున్నది. పొద్దుమూకితే ఒళ్లు ఎచ్చగైతది, నిజమే. గల్లీ డాక్టరు కమ్జోరీ, ఒంట్ల బలం లేదు అని నాలుగు నెల్ల సంది గోలీలు ఇస్తున్నడు, సూదులు ఏస్తున్నడు.

నువ్వు భయపడాల్సింది లేదు. మీ బావ ఎదురుకాళ్లతోని పుట్టినోడు గద. నడుము పట్టుకుంటే ఈ నాకల సగం మంది ఆయనతోనే ఈపు మీద తన్నిపిచ్చుకుంటరు, ఇక్కడోళ్లు పాయాళు అని చేతులెత్తి మొక్కుతరు. కార్ఖానల పన్నెండు గంటలు బట్ట నేసే సాంచె ముంగట నిలబడి వచ్చి గూడ ఎవ్వల్ని కాదనడు. మూడు ఆదివారాలు తన్నాలె. సుశీలకు రెండయినయి, మెల్లగనే, కన్నబిడ్డ గద. ఈ ఆదివారం మూడోది. దాంతోని తగ్గుతది.

నౌకరి సంగతి నేను మరిచిపోలే.

యమున

*

హైదరాబాద్
1-8-1986

అక్కా,

ఇన్లాండ్ దొరకలే, కార్డు మీదనే రాస్తున్న. బావను సుశీల ఈపు మీద కాలు పెట్టనియ్యకు. ఒక్కసారి గూడ వద్దు. నీ జాబు ఇక్కడి బొక్కల డాక్టరుకు చదివి వినిపిచ్చిన. వెన్నుబొక్కకు టీబీ పట్టినట్టున్నదన్నడు. కూసోబెట్టకు, చెక్క మీద ఎల్లెలుకల పండబెట్టు. పెద్ద దవాఖానకు తీస్కపో, ఈపుకు పక్క నుంచి ఎక్స్‌రే తియ్యమను. ఆలస్యం చెయ్యకు.

వాసుదేవ్

*

కుంఠా నాకా
14-8-1986

వాసుదేవ్,

కార్డు మీద రాస్తవా? ఆ మాట, ఆడపిల్ల పేరుతోని, కార్డు మీద?

టపాలోడు కార్డు ముందింట్ల ఇచ్చిపోయిండు. నా చేతికి వచ్చేసరికి మా వరుసల ఉన్న ఎనిమిది ఇండ్లోళ్లు చదివిండ్రు. చదువు రానోళ్లు చదివిపిచ్చుకున్నరు. మర్నాడు నేను నల్లా కాడికి పోతే ఎల్లమ్మ తన బిందె పక్కకు జరుపుకున్నది. పదిహేనేండ్లు ఒక్క చాపమీద కూసోని బీడీలు చుట్టినం ఆమె, నేను! బ్రాంచిల మా ఇంటి కట్టలు వేరే పెట్టమన్నరట. పొగాకు దుమ్ముల పొద్దుందాక దగ్గుకుంట కూసునేటోళ్లు నన్ను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటున్నరు. పైంగ నా బిడ్డ ఈపు ముచ్చట పరాయి మొగోనికి చదివి వినిపిచ్చినవు. నన్ను అడిగినవా?

కార్డు మంగళారం వచ్చింది. మూడో తన్ను ఆదివారమే అయిపోయింది. సోమారం పొద్దుగాల సుశీల లేచి నిలబడబోయి కూలబడ్డది. "అమ్మా, కాళ్లు నాయి కానట్టున్నయి" అన్నది. గిల్లితే తెలుస్తలేదు. మీ బావ దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకోని రిక్షా ఎక్కిండు. చెక్క సంగతి, పండబెట్టే సంగతి మాకు అప్పటికి తెల్వది. నీ కార్డు రాలే గద.

పెద్ద దవాఖానల ఎక్స్‌రే తీసిండ్రు. నువ్వు రాసిందే చెప్పిండ్రు. తొమ్మిదో బొక్క, దాని కింది పదోది. నువ్వు చెప్పింది నిజమైందని నాకు ఇంకా ఎక్కువ కోపమొస్తున్నది. దినాం సూది, పొద్దుగాల నాలుగు గోలీలు. చెక్క మంచం మీద పండబెట్టిండ్రు, పక్కకు గూడ వాళ్లే తిప్పుతున్నరు.

మీ బావ నీ కార్డు చొక్కా జేబుల పెట్టుకోని తిరుగుతున్నడు. "నీ తమ్ముడు నన్నే అంటున్నడు, నా కాలుతోనే బిడ్డ వెన్ను ఇరిగింది" అంటడు. అన్నం ముంగట పెడితే చూస్తడు, లేస్తడు. ఆయన్ను అట్ల అనే హక్కు నీకు ఎవ్వలిచ్చిండ్రు?

నడుస్తదా లేదా, అదొక్కటి రాయి. నీకు తెలుసు గద అన్నీ.

యమున

*

హైదరాబాద్
20-8-1986

అక్కా,

కార్డు మీద రాసుడు నా తప్పే. ఆదివారంలోపల అందాలె అనే తొందరల నాకు ఇంకేం తోచలే. అందలే గూడ. ఎల్లమ్మక్కకు ఒక మాట చెప్పు. సుశీలది దగ్గు టీబీ కాదు, బొక్కల ఉన్నది, బిందెలకు అంటదు. డాక్టరును అడిగే రాస్తున్న.

నడుస్తదా అంటే, నేను డాక్టరును కాదక్కా, బొక్కలు గుచ్చేటోన్ని. నాకు తెలిసినంత రాస్త. ఆ రోగం బొక్కను ముంగటి దిక్కు నుంచి తింటది. ముంగట కరిగిపోతే బొక్క ముంగటికి ఒరుగుతది, ఎనక మొన తేలుతది. నీ ఏలికి తగిలింది అదే. లోపట చీము పట్టి నరాల తాడును ఒత్తుతది. అందుకే కాళ్లు పోయినయి. తాడు తెగలే, ఒత్తుకపోయింది. చీము ఎండితే ఒత్తుడు పోతది, చానా మందికి కాళ్లు మళ్ల వస్తయట. చానా నెల్లు పడ్తది. జరం పోయిందని, బిడ్డ మంచిగయిందని మందు బందు పెడితే మాత్రం ఆ రోగం ఇంకింత గట్టిగ లేస్తది. ఒక గోలీకి ఉచ్చ ఎర్రగొస్తది, భయపడకండి.

బావను నేను అనలే. డాక్టరును ఈ మాట గూడ అడిగిన. తన్నుతోనే అయిందని చెప్పలేం, తన్ను మంచి చేసిందని గూడ చెప్పలేం అన్నడు. ఉన్నదున్నట్టు రాసిన. అనాల్సింది ఎవ్వర్నో నాకు తెలుసు. నాలుగు నెల్లు దినాం చూసుకుంట, ఒక్కసారి గూడ అంగీ ఎత్తి ఈపు చూడని ఆ గల్లీ డాక్టరును అనాలె. పిల్ల ఈపు మీద ఏలు పెట్టుడు గూడ రాకుంటే ఆ మెడల ఏసుకునే గొట్టం ఎందుకు? నువ్వు బీడీలు చుట్టే ఏలుతోని పట్టినవు ఆ బొక్కను. ఆయన పట్టలే.

ఇంకొకరిని గూడ అనాలె. ఏడో తరగతితోని షాళ మానిపిస్తున్నమని నువ్వు రాసినప్పుడు నేను వద్దనలే. "సరే" అని రాసిన. ఆ ఒక్క ముక్క నన్ను నిద్ర పోనిస్తలేదు.

వాసుదేవ్

*

కుంఠా నాకా
16-12-1986

తమ్మీ,

నిన్న పొద్దుగాల సుశీల కుడికాలు బొటనేలు కదిలింది. నేను కలగన్న అనుకోని మళ్ల కదపమన్న. మళ్ల కదిపింది. మీ బావను కార్ఖాన నుంచి పిలిపిచ్చిన. ఆయన మంచం కాడ కూసోని ఆ ఏలు దిక్కే చూసిండు. ఇప్పుడు ఈపు మీద తన్నిపిచ్చుకుంటమని ఎవ్వలన్న గుమ్మంల నిలబడితే "పోండి ఇక్కడి నుంచి, నా కాలు మంచిది కాదు" అని ఒర్రుతున్నడు. నీ జాబుల "మంచి చేసిందని చెప్పలేం" అన్న ముక్కనే ఆయన పట్టుకున్నడు. ముంగటి ముక్క ఎన్నిసార్లు చదివినా ఆయనకు వినపడ్తలేదు. నువ్వు కొంచెం అబద్ధం రాస్తే ఏం పోయేది నీ సొమ్ము?

మందులకు మా అత్త అడ్డం పడ్డది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన వారానికి ఎర్ర ఉచ్చ చూసి, రక్తం పోతున్నదని రెండు దినాలు ఆ గోలీ దాచిపెట్టింది. అప్పటికి ఊకున్న. నిన్న మాత్రం ఊకోలే. ఏలు కదిలిందని నేను సంబరపడుతుంటే ఆమె చాట తెచ్చి సుశీల కడుపు మీద పెట్టింది. "కాళ్లు గద లేనియి, చేతులున్నయి గద. పండుకోనే చుట్టొచ్చు" అన్నది. చాట తీసుకపోయి వాకిట్ల ఇసిరేసిన. ఆకు ఒక దిక్కు, పొగాకు ఒక దిక్కు. పదహారేండ్ల సంది ఆమె ముంగట తల ఎత్తి మాట్లాడనిదాన్ని, "నా బిడ్డ మీద ఇంకోసారి చాట పెడితే ఈ ఇంట్ల పొయ్యి ఎలగదు" అన్న. వరుస ఇండ్లోళ్లంత బయటికొచ్చిండ్రు. రానియ్యి.

నువ్వు మాత్రం రాలే. నాలుగు నెల్లు. జాబులు రాసుడు అల్కగనే ఉంటది.

యమున

*

హైదరాబాద్
29-1-1987

అక్కా,

మీ దగ్గరి నుంచి నిన్న ఇక్కడికి వచ్చి చేరిన. మీ అత్త ఇంట్లకు రానియ్యదని నేను ఇన్ని నెల్లు ఆగిన. నువ్వేమో నేను తప్పిచ్చుకుంటున్న అనుకున్నవు. ఇద్దరం ఒక్క మాట రాసుకుంటే అయిపోయేది. రాసుకోలే, తిట్టుకున్నం.

నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. నువ్వు నీళ్లకు పోయినప్పుడు బావ నన్ను పక్కకు పిలిచి నేల మీద సున్నంతోని వెన్ను గీయమన్నడు. గీసిన. ఏలు పెట్టి అడిగిండు, "నా కాలు ఏ బొక్క మీద పడ్డది?" అని. తొమ్మిదో దాని మీదనే. ఆయనకు గూడ తెలుసు. నేను అన్న, "నీ కాలు పడేసరికే అది సగం కరిగిపోయి ఉండె బావా. నువ్వు తాకకున్నా ఒరిగేదే." ఇది అబద్ధం కాదక్కా. ఆయన ఆ గీతంత చేత్తోని తుడిచేసిండు. నేను పోయేటప్పుడు సంచి ఆయనే మోసిండు.

సుశీల నిలబడుడు నేర్చుకోవాలె ఇప్పుడు, కొత్తగ. కడుపుల నుంచి వచ్చిన పిల్ల వెన్ను ఒక్క వంపుతోనే ఉంటది. తల ఎత్తుడు వచ్చినప్పుడు మెడ కాడ వంపు వస్తది, నిలబడుడు వచ్చినప్పుడు నడుము కాడ వస్తది. బరువు మోసుడు వెన్ను అట్లనే నేర్చుకుంటది. తొందర పెట్టకు. ఈపుకు కట్టిన పట్టీ ఇప్పనియ్యకు. ఈపు మీద ఆ మొన మాత్రం పోదు, అది నువ్వు తెలుసుకోని ఉండాలె.

ఇంకోటి. నేను బస్సెక్కే ముందు మీ అత్త చాటుకు పిలిచి, తన నడుము చూడమన్నది. "బొక్కల సంగతి నీకు తెలుస్తదట గద" అన్నది. నవ్వాపుకునుడు కష్టమైంది.

వాసుదేవ్

*

కుంఠా నాకా
28-6-1987

తమ్మీ వాసుదేవా,

సుశీల షాళకు పోతున్నది. ఎనిమిదో తరగతి. దాని తోటోళ్లు పదోదిల ఉన్నరు, అయినా పోతున్నది. మీ బావ దినాం పొద్దుగాల సైకిల్ మీద దింపుతున్నడు, రాళ్లు గుంతలు చూసుకుంట, నడిచినదానికంటె మెల్లగ. గోలీలు ఇంకా నడుస్తున్నయి. మా అత్త ఒక్కతే చాట ముంగట కూసోని, నాకు వినపడేటట్టు పొగాకుతోని మాట్లాడుతది. వినపడనట్టుంట.

ఇది రాసేది దానికోసం కాదు. నాకు ఇంకా ఒళ్లు మండుతున్నది, నీకు గాక ఎవ్వలికి చెప్పాలె?

బుధారం సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి ఒక మూలకు కూసున్నది. అన్నం తినలే. అంగీ ఇప్పేటప్పుడు చూసిన. ఈపు మీద కర్ర గీత. ఎంత అడిగినా చెప్పకపాయె, ఆఖరికి చెప్పింది. పొద్దుగాల ప్రార్థనకు అందర్నీ లైన్ల నిలబెట్టి, పీటీ మాస్తరు "సావధాన్" అని ఒర్రిండట. అందరు నిలబడ్డరు. ఇదీ నిలబడ్డది. ఆయన లైన్లు చూసుకుంట వచ్చి "సీదా నిలబడు" అన్నడట. నిలబడే ఉన్న అన్నదట. ఎదురు మాట్లాడుతవా అని ఏసిండు.

మర్నాడు నేనే పోయిన. మీ బావ వస్తనన్నడు, వద్దన్న. ప్రార్థన నడుస్తుంటేనే గేటు దాటి లోపటికి పోయిన. నాలుగు వందల మంది పిల్లలు. మాస్తరు ఎదురొచ్చి, "బాయీ, ఇప్పుడు కాదు, తర్వాత రా" అన్నడు.

"ఇప్పుడే" అన్న. "నా బిడ్డను ఎందుకు కొట్టినవ్?"

"వంకర నిలబడ్డది. నేను అందరికి ఒక్కతీరుగనే చెప్త. సీదా నిలబడాలె."

వాసుదేవా, నా నోటికి అంత గొంతు ఎక్కడిదో నాకు తెల్వది. "సారూ," అన్న, "ఎనిమిది నెల్ల కింద ఇది చెక్క మంచం మీద ఉచ్చకు గూడ లేవలే. మేము దొర్లిస్తే దొర్లింది. బొటనేలు కదపనీకె నాలుగు నెల్లు, కూసోనీకె ఇంకో రెండు, గోడ పట్టుకోని నిలబడనీకె ఇంకొకటి. నువ్వు ఒక్కసారి సావధాన్ అంటే నిలబడ్డది చూడు, అదే దాని సీదా. దానికింకో సీదా లేదు."

"మీరేమన్న డాక్టరా?" అన్నడు.

"కాదు. దాని ఈపు ఏలు పెట్టి లెక్కపెట్టినదాన్ని."

ఆయన కర్ర చంకల పెట్టుకున్నడు, మళ్ల తీసి చేతిల పట్టుకున్నడు, ఆఖరికి గోడకు ఆనిచ్చిండు. హెడ్ టీచరు పెద్ద బాయి వచ్చి నన్ను ఆఫీసులకు రమ్మని పిలుస్తున్నది. పిల్లలంత తలలు తిప్పి నన్నే చూస్తున్నరు. సుశీల ఒక్కతే చూడలే. సిగ్గుతోని చెవులు ఎర్రగయినయి దానికి. నా మీద కోపంగ గూడ ఉండొచ్చు. కానీ లైన్ల నుంచి జరగలే. చేతులు రెండు పక్కకు పెట్టుకోని, ముంగటికే చూసుకుంట, గట్లనే నిలబడ్డది.

మీ అక్క
యమున